అమ్మకు రొమ్ము ఆపరేషన్ అయిన చోట గట్టి గడ్డలు లేచినయి, లోపటి క్యాన్సర్ తోలు మీదికి వస్తదా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది కొండమల్లేపల్లి అవతల చిన్న ఊరు. మా అమ్మకు 56 ఏండ్లు. నాలుగేండ్ల కింద ఎడమ రొమ్ముల క్యాన్సర్ అని హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసి రొమ్ము తీసేసిన్రు, కీమో ఇచ్చిన్రు, కరెంటు (రేడియేషన్) కూడా పెట్టిన్రు. ఆ తర్వాత రోజుకొక గోళీ ఐదేండ్లు వేసుకోమన్నరు. రెండేండ్లు వేసుకొని, మంచిగనే ఉన్న కదా అని మాకు చెప్పకుండనే బంద్ చేసింది. ఇప్పుడు రెండు నెలల సంది కుట్ల గీత పక్కన నాలుగైదు గడ్డలు లేచినయి, శనగగింజంత ఉన్నయి, ముట్టుకుంటే గట్టిగ ఉన్నయి, నొప్పి లేదంటది. ఒక పక్కన తోలు ఎర్రగైంది. ఊర్ల ఆర్‌ఎంపీ ఒకసారి సర్పి అన్నడు, ఒకసారి ఇన్‌ఫెక్షన్ అన్నడు, మందులిచ్చిండు, తగ్గలే. నల్లగొండల డాక్టరమ్మ చూసి ముక్క తీసి టెస్టుకు పంపాలన్నది. మా మేనమామేమో కత్తి పెడితే ఒళ్ళంత పాకుతది, పసరు మందు ఇప్పిస్త అంటున్నడు. మా వదిన చంటిపిల్ల ఉందని అమ్మ కంచం, గ్లాసు వేరే పెట్టింది, మంచం కూడా అర్రల నుంచి బయట వసారలకు మార్చిన్రు. లోపటి క్యాన్సర్ తోలు మీదికి వస్తదా సార్? ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి, దానివల్లనా? అంటుకుంటదా? ఇగ అయిపోయినట్టేనా?

సమాధానం: తమ్మీ, నువ్వడిగినయి చాన ఉన్నయి గని ముందు కంచం సంగతి చెప్త, ఎందుకంటే అది ఈ రాత్రికే సరిజెయ్యొచ్చు. క్యాన్సర్ అంటుకోదు. కంచంతోటి అంటుకోదు, గ్లాసుతోటి అంటుకోదు, పక్కన పండుకుంటే అంటుకోదు, ఆ గడ్డ మీద చెయ్యి పెట్టినా అంటుకోదు. గడ్డ పగిలి నీరు కారినా కూడ ఆ నీటితోటి ఇంకొకరికి క్యాన్సర్ రాదు, పుండు కాబట్టి చేతులు కడుక్కోవాలె, అంతే. ఒకరి ఒంట్ల పుట్టిన క్యాన్సర్ కణాన్ని ఇంకొకరి ఒళ్ళు పరాయిదని గుర్తుపట్టి ఉండనియ్యదు. చంటిపిల్లను నాయనమ్మ ఒళ్ళో కూసోబెట్టమని మీ వదినకు నా పేరు చెప్పి చెప్పు. ఆమెను తిట్టకు, పిల్ల తల్లి భయపడుడు సహజం, ఎవరూ చెప్పకపోతే ఆమెకెట్ల తెలుస్తది. కీమో నడిచేటప్పుడు కూడ జ్వరం జలుబు ఉన్నోళ్ళు అమ్మ దగ్గరికి రావద్దంటం, అది అమ్మను కాపాడనీకి, అమ్మ నుంచి మిగతోళ్ళను కాపాడనీకి కాదు. మీ ఇంట్ల ఇప్పుడు అది తిరగబడి ఉంది.

ఇగ అసలు ప్రశ్న. లోపటి క్యాన్సర్ తోలు మీదికి వస్తదా అంటే, వస్తది. అందరికీ రాదు. క్యాన్సర్ వచ్చినోళ్ళందర్నీ లెక్కల వేస్కుంటే నూటికి ఒకరి కాడికెల్లి పదిమంది లోపు అని రకరకాల లెక్కలున్నయి. 1993ల అమెరికా డాక్టర్లు, క్యాన్సర్ అప్పటికే వేరేచోటికి పాకిన 4020 మంది కాగితాలు తిరగేస్తే అందుల 420 మందికి తోలు మీద కనబడ్డది, అంటే పాకినోళ్ళల్ల పదిమందికి ఒకరు. ఆడోళ్ళల్ల తోలు మీదికి వచ్చేటియి ఎక్కువశాతం రొమ్ము క్యాన్సర్‌వే, అది కూడ చాన మటుకు ఆపరేషన్ అయిన రొమ్ము మీద, ఆ కుట్ల చుట్టుపక్కల్నే వస్తది. మొగోళ్ళల్ల ఊపిరితిత్తులది, పెద్దపేగుది, మన దిక్కు గుట్కా, తంబాకు, బీడీల పుణ్యాన నోటి క్యాన్సర్‌ది చూస్తం, దవడ కింద మెడ మీద తోలు గట్టిపడి గడ్డ కట్టి వస్తరు.

ఎట్ల వస్తదంటే మూడు దార్లు. ఒకటి, కింద ఉన్న గడ్డ పెరిగి పెరిగి నేరుగ తోలులకు వచ్చుడు. రెండోది, తోలు కింద లింఫ్ అనే నీరు పారే సన్నటి నాళాలుంటయి, రొమ్ముది ఎక్కువ ఈ దార్లనే వస్తది, అందుకే దగ్గర్లనే వస్తది. మూడోది రక్తం, దీంట్ల దూరం లెక్కలేదు, కిడ్నీల పుట్టింది పోయి నెత్తి మీద లేస్తది. ఆపరేషన్ అయి కరెంటు పెట్టినంక కూడ ఎక్కడో నాలుగు కణాలు ఆ నాళాలల్ల నిద్రపోయినట్టు ఏండ్లకేండ్లు ఉండి మళ్ళ లేవొచ్చు, దీంట్ల ఆపరేషన్ చేసిన డాక్టర్ తప్పు చేసిండని గాని అమ్మ ఏదో తినరానిది తిన్నదని గాని అనుకోవద్దు. ఫ్లోరైడ్ అన్నవు, మర్రిగూడ, మునుగోడు, మీ దేవరకొండ దిక్కు ఫ్లోరైడ్ పండ్లను గారబట్టించింది, బొక్కలను వంచింది, నడుములు పట్టేసింది, దాని మీద మనకున్న కోపం న్యాయమే, గని ఈ గడ్డల నేరం దాని మీద వెయ్యకు, దీనికి అది కారణం కాదు.

నేను గడ్డ చూడలే, కాబట్టి ఇది అదే అని ఈడ కూసోని రాయ. కుట్ల పక్కన గడ్డ అంటే వేరేటియి కూడ ఉంటయి. లోపల మిగిలిన దారం చుట్టూ ఒళ్ళు గడ్డ కడతది, కెలాయిడ్ అని మచ్చే ఉబ్బి మెరుస్తది, దానికి దురద ఎక్కువ, రొమ్ము తీసిన చోట కొవ్వు చచ్చిపోయి గట్టిపడి ఉండొచ్చు, కరెంటు పెట్టిన తోలు ఎర్రగ నల్లగ అయి బిగుసుకుంటది. టీబీ కూడ తోలు మీద గడ్డగ వస్తది, మన దేశంల దాన్ని మర్వొద్దు. గని నువ్వు రాసిన నాలుగు మాటలు, గట్టిగ ఉన్నయి, నొప్పి లేదు, రెండు నెలలల్లనే నాలుగైదు లేచినయి, మందులకు తగ్గలే, ఈ నాలుగూ ఒకే మనిషి గురించి, అదీ రొమ్ము క్యాన్సర్ అయిన మనిషి గురించి వింటే ఏ స్కిన్ డాక్టరైనా ఇంకో ట్యూబు రాసియ్యడు, ముక్క తీస్తడు. నల్లగొండ డాక్టరమ్మ చెప్పింది అందుకే, ఆమె సరిగ్గ చెప్పింది.

ఆర్‌ఎంపీ సర్పి ఎందుకన్నడంటే, రొమ్ము నుంచి వచ్చేది కొన్నిసార్లు ఒక పక్కన పట్టీ లెక్కనే వస్తది, చూస్తే సర్పి లెక్కనే కొడ్తది. గని సర్పికి ముందు మంట లేస్తది, అంగీ తగిలితే ఓర్వరు, నీటిపొక్కులు లేస్తయి, పొక్కులు పగిలి పెచ్చుగట్టి రెండు మూడు వారాలల్ల ఎండిపోతది, ఆ తర్వాత నొప్పి ఉంటే ఉంటది గని గడ్డ ఉండదు. రెండు నెలలు నొప్పి లేకుండ గట్టి గింజలు లెక్క ఉండే సర్పి లేదు. అట్లనే ఇన్‌ఫెక్షన్ అన్నడు, ఎర్రదనం చూసి అన్నడు. ఇన్‌ఫెక్షన్ అయితే ముట్టుకుంటే కాల్తది, నొప్పి ఉంటది, జ్వరం వస్తది, మందు పడితే మూడు నాలుగు దినాలల్ల మార్పు కనబడ్తది. క్యాన్సర్ కణాలు తోలులోని సన్న నాళాలను మూసేస్తే కూడ అట్లనే ఎర్రగ, అంచు తెల్వకుండ ఉబ్బుతది, జ్వరం మాత్రం ఉండదు, ఎన్ని యాంటీబయాటిక్‌లు మింగినా కదలదు. ఇంకా వదిలేస్తే ఆ ఛాతి తోలంత బిగుసుకపోయి చెక్క లెక్క అయితది, చెయ్యి లేపరాదు. అమ్మకు ఆ కాడికి పోలే, పోనియ్యొద్దు.

ఒక కోర్సు యాంటీబయాటిక్ ఇచ్చి చూసుడు తప్పు కాదు, రెండోసారి మందు మార్చి ఇచ్చుడు, మూడోసారి సూది ఇచ్చుడు, అక్కడ పోతది టైం. మా ఓపీకి వచ్చేటోళ్ళ కవర్ల ఆరు రకాల ఆయింట్‌మెంట్ డబ్బాలుంటయి, సగం పిండినయి, గడ్డ మాత్రం ఎవరూ చేత్తోని పట్టి చూడనే చూడరు, దూరంకెళ్ళి చూసి చీటీ రాస్తరు. పట్టి చూడాలె. కొవ్వు గడ్డ మెత్తగుంటది, వేళ్ళ కింద జారుతది. తోలు కింద తిత్తి అయితే మధ్యల నల్ల చుక్క ఉంటది. ఇది గట్టిగ, తోలుకు అతుక్కొని, కొన్నిసార్లు కిందికి కూడ అతుక్కొని కదలదు.

చేత్తోని పట్టుడు అంటే ఒక ముచ్చట చెప్పాలె. అమెరికాల రోచెస్టర్ అనే ఊర్ల సెయింట్ మేరీస్ హాస్పిటల్ల సిస్టర్ మేరీ జోసెఫ్ అని ఒక క్రైస్తవ సన్యాసిని నర్సుగ పనిచేసేది, విలియం మేయో అనే పెద్ద సర్జన్‌కు ఆపరేషన్‌ల అందించేది. ఆపరేషన్‌కు ముందు పేషెంట్ పొట్ట శుభ్రం చేసేటప్పుడు కొందరికి బొడ్డుల గట్టి గడ్డ చేతికి తగిలేది, అట్ల తగిలినోళ్ళకు పొట్ట కోసి చూస్తే లోపల క్యాన్సర్ అప్పటికే పాకి ఉండేది, ఆమె అది గమనించి సర్జన్‌కు చెప్పింది. ఆమె 1939ల చనిపోయింది, 1949ల హామిల్టన్ బెయిలీ అనే ఇంగ్లండ్ సర్జన్ తన పుస్తకంల ఆ బొడ్డు గడ్డకు ఆమె పేరే పెట్టిండు, ఇప్పటికీ ప్రపంచంల డాక్టర్లందరూ అదే పేరుతోటి పిలుస్తరు. జీర్ణాశయం, పెద్దపేగు, క్లోమం, ఆడోళ్ళల్ల అండాశయం, వీటి క్యాన్సర్ బొడ్డు కాడ అట్ల బయటపడ్తది. నీకెందుకు చెప్తున్ననంటే ఆ నర్సు కనిపెట్టింది స్కాన్‌తోటి కాదు, పొట్ట కడిగే చేత్తోని. మీ ఇంట్ల అమ్మకు వీపు రుద్దేది, నెత్తికి నూనె పెట్టేది ఎవరు? మీ వదినే అయ్యుంటది. మంచం వసారలకు మార్చినంక అమ్మ ఒంటి మీద కొత్తది ఏం లేస్తుందో చూసేటోళ్ళు ఎవరు మిగిలిన్రు చెప్పు. ఆమె సిగ్గుకు కొంగు కప్పుకొని నీకు చూపియ్యది, కొడుకుకు ఛాతి చూపియ్యనీకి ఏ తల్లికైనా కష్టమే. అందుకే వదినను మళ్ళ దగ్గరికి రానియ్యి, స్నానం పోసేటప్పుడు ఛాతి, చంకలు, వీపు, నెత్తి, బొడ్డు చేత్తోని తడిమి చూడమను. రెండో రొమ్ము కూడ.

నెత్తి అన్న కాబట్టి ఇది చదివే మిగతోళ్ళకు కూడ చెప్త. నెత్తి మీదికి ఊపిరితిత్తులది, కిడ్నీది, థైరాయిడ్‌ది, రొమ్ముది రావొచ్చు. రొమ్ముది కొందరికి నెత్తిల ఒకచోట గుండ్రంగ వెంట్రుకలు పోయి నున్నగ అయి పేనుకొరుకుడు లెక్క కనబడ్తది, పేనుకొరుకుడుకు వెల్లుల్లిగడ్డ రుద్దుకుంట కూసుంటరు, ముట్టుకుంటే కింద గట్టిగ ఉంటది, ఆ తేడా చూడాలె. కిడ్నీది ఎర్రగ, రక్తపు బుగ్గ లెక్క ఉంటది, దువ్వెన తగిలితే బొలబొల రక్తం కారుతది, కిడ్నీ తీసేసిన పదేండ్లకు కూడ రావొచ్చు. ఊపిరితిత్తులది అయితే కొందరికి లోపల ఉందని తెల్వకముందే ఛాతి మీదనో వీపు మీదనో గడ్డగ బయటపడ్తది, బీడీ తాగే మనిషికి 50 దాటినంక కొత్తగ గట్టి గడ్డ లేస్తే దగ్గు ఉందా, బరువు తగ్గిండా అని అడుగుతం అందుకే. గని ప్రతి గడ్డకూ ఇట్ల భయపడొద్దు, ఓపీల మేం చూసే గడ్డలల్ల చాన మటుకు కొవ్వు గడ్డలు, తిత్తులే.

ఇప్పుడు మీ మేనమామ మాట. కత్తి పెడితే పాకుతది అనేది మన దిక్కు ఇంటింటికీ ఉంది, అది ఎక్కడికెల్లి పుట్టిందో కూడ నాకు అర్థమైతది. జనం ఆలస్యంగ పోతరు, పోయేసరికి ముదిరి ఉంటది, అప్పుడు ముక్క తీస్తరు, నాలుగు నెలలకు మనిషి పోతడు, ఊర్ల అందరికీ కత్తి యాదికుంటది, అంతకుముందు పసరు కట్టిన ఎనిమిది నెలలు యాదికుండదు. మీ అమ్మ విషయంల ఆలోచించు, ఇది క్యాన్సరే అయితే అది అప్పటికే ఒక చోటకెల్లి తోలుకు నడిచి వచ్చిందన్నమాట, నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసినందుకు అది కొత్తగ నేర్చుకునేదేం లేదు. క్యాన్సర్ కాకపోతే ఆ ముక్కే మీ ఇంట్ల అందర్నీ నిద్రపోనిస్తది. ఊపిరితిత్తుల్లనో లివర్లనో వస్తే ముక్క కోసం ఎంత కష్టం, స్కాన్‌ల చూసుకుంట పొడవు సూది గుచ్చాలె. తోలు మీద వచ్చింది చేతికందే చోట ఉంది, ఓపీ టేబుల్ మీదనే పది నిమిషాలల్ల అయిపోతది.

ఎట్ల తీస్తరో చెప్తే అమ్మకు భయం తగ్గుతది. ముందు మత్తు సూది ఇస్తరు, ఆ సూదే కొంచెం చురుక్కుమంటది, మంట పుడ్తది, అర నిమిషం. తర్వాత గుండ్రటి అంచున్న సన్నటి పంచ్ అనే పరికరం గడ్డ మీద పెట్టి తిప్పుతరు, వత్తుడు తెలుస్తది గని నొప్పి తెల్వదు. ముక్క తీసి చిన్న డబ్బాల వేస్తరు, ఒకటో రెండో కుట్లు, పైన పట్టీ. అన్నం తిని పోవచ్చు, బస్సుల ఇంటికి రావచ్చు. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే గోళీలు గాని షుగర్ గాని ఉంటే ముందే చెప్పాలె. ఒకటి మాత్రం నువ్వే కళ్ళతోటి చూడు, ఆ డబ్బాల పోసింది ఫార్మలిన్ అయి ఉండాలె, ముక్కు మండే వాసన వస్తది. చిన్న చిన్న చోట్ల సెలైన్ల వేసి ఇస్తే ముక్క తెల్లారేసరికి కరాబైతది, పాథాలజీ వాళ్ళు ఏం చెప్పలేరు, మళ్ళ తీయాలె. డబ్బా మీద అమ్మ పేరు, వయసు, ఏ పక్క, ఎక్కడ అని రాసి ఉండాలె, చీటీల 'రొమ్ము క్యాన్సర్ అయిన పేషెంట్' అని తప్పకుండ రాయమను. ఆ ఒక్క లైను లేకపోతే పాథాలజిస్టుకు దేనికోసం వెతకాలెనో తెల్వదు.

సన్న సూదితోటి గుంజి చూసే ఎఫ్ఎన్ఏసీ అని ఇంకోటి ఉంది, తొందరగ తెలుస్తది, గని మీకు పంచ్‌తోటి తీసిన ముక్కే కావాలె, ఎందుకంటే క్యాన్సరా కాదా అని తెలుసుడు ఒక్కటే సరిపోదు. ఆ ముక్క మీద ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ హార్మోన్‌కు లొంగుతదా అని చూసేటియి), హెర్2 (కణం మీద ఉండే ఒక ప్రోటీన్) అనే టెస్టులు మళ్ళ చెయ్యాలె. నాలుగేండ్ల కింద చేసినం కదా, రిపోర్టు ఉంది కదా అంటరు, ఒప్పుకోకు. పాకిన చోట ఆ గుణం మారి ఉండొచ్చు, అప్పుడు హార్మోన్‌కు లొంగింది ఇప్పుడు లొంగకపోవచ్చు, తలకిందులు కూడ కావొచ్చు, ఏ మందు పనిచేస్తదనేది ఆ మూడు మీదనే ఉంటది. మామూలు రిపోర్ట్ ఒక వారం, ఈ టెస్టులకు ఇంకొన్ని రోజులు పడ్తది. ఆ తర్వాత లోపల ఇంకెక్కడన్న ఉందా అని స్కాన్.

పసరు గురించి ఒక్క మాట, కొంచెం కటువుగనే చెప్త. తాగే పసరు సంగతి పక్కన పెట్టు, గడ్డ మీద నల్లజీడి సొన పెట్టి కాల్చుడు, సున్నం పెట్టుడు, ఆకు నూరి కట్టి గాలి తగలకుండ మూయుడు, ఇవి మాత్రం మీ మేనమామ కాళ్ళు పట్టుకొనైనా ఆపు. పైన తోలు కాలుతది, కింద గడ్డ అట్లనే ఉంటది, అంతకుముందు నొప్పి లేని గడ్డ ఇప్పుడు పుండైతది, చీము, వాసన, ఈగలు వాలితే పురుగులు. కరెంటు పెట్టిన తోలు అసలే మానదు. మూడు నెలల కింద గింజంత ఉన్నది అరచేతంత పుండై వస్తే మేం ముక్క తీసుడు కాదు, ముందు పుండు కడుగుడు మొదలుపెట్టాలె.

ఇగ అయిపోయినట్టేనా అని అడిగినవు. అబద్ధం చెప్ప. రిపోర్ట్ల క్యాన్సర్ అని వస్తే అది చిన్న విషయం కాదు, జబ్బు తిరగబడ్డట్టు. గని రెండు రకాలుంటది. ఆపరేషన్ అయిన ఛాతి మీద ఒక్కచోటనే ఉండి స్కాన్‌ల ఇంకెక్కడా లేకపోతే ఆ చోటును కోసి తీసుడు, వీలైతే మళ్ళ కరెంటు, దాని మీద మందు, పూర్తిగ తీసెయ్యనీకే డాక్టర్లు గట్టిగ ప్రయత్నిస్తరు. ఒకవేళ లోపల కూడ ఉంటే పూర్తిగ తీసేసుడు కష్టం, అదుపుల పెట్టుడే పని. అందుల కూడ అన్ని క్యాన్సర్లు ఒక్కతీరు కాదు, ఊపిరితిత్తులదో క్లోమందో తోలు మీదికి వస్తే ఎక్కువ కాలం చేతిల ఉండదు, రొమ్ముది అట్ల కాదు, హార్మోన్‌కు లొంగే రకమైతే గోళీల మీదనే ఏండ్లు నడిచేటోళ్ళున్నరు, పొలం పోతరు, మనవళ్ళను ఎత్తుకుంటరు. హెర్2 ఉంటే దానికి వేరే సూదులున్నయి. అమ్మ గోళీ బంద్ చేసిందని ఇప్పుడు ఆమెను నిలదియ్యకు, ఒంట్లకెళ్ళి ఆవిర్లు, కీళ్ళ నొప్పులు ఓర్వలేక చాన మంది ఆపుతరు, ఎవరికీ చెప్పరు. డాక్టర్‌కు మాత్రం చెప్పాలె, ఏ నెలల ఆపింది, ఎందుకు ఆపింది అని, ఎందుకంటే మందు వేసుకుంటుంటే వచ్చిన గడ్డ వేరు, ఆపినంక వచ్చిన గడ్డ వేరు, రెండోదానికి ఆ గోళీలల్లనే ఇంకా ఆశ ఉంటది.

ఇంకోటి, మందు మొదలైనంక పనిచేస్తుందా లేదా అని లోపలి గడ్డకైతే నెలల తర్వాత స్కాన్ దాక ఆగాలె, మీకు కండ్ల ముందే ఉంది. పది పదిహేను దినాలకొకసారి గడ్డ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి అదే వెలుతురుల ఫోటో తియ్యమని వదినకు చెప్పు, ఆమె ఫోన్లనే ఉంచమను, డాక్టర్‌కు చూపియ్యాలె. మెత్తబడుడు, సపాటు అయ్యుడు మంచి గుర్తు.

ఒకవేళ గడ్డ పగిలితే గాబరా పడకుండ్రి. కాచి చల్లార్చిన నీళ్ళల్ల ఉప్పు కలిపి గాని సెలైన్‌తోటి గాని మెల్లగ కడిగి, అంటుకోని డ్రెస్సింగ్ వెయ్యాలె, పొడి దూది పెడితే అతుక్కపోయి పీకేటప్పుడు రక్తం వస్తది. వాసన వస్తే మెట్రోనిడజోల్ జెల్ అని ఉంది, డాక్టర్ రాసిస్తడు, నాలుగు దినాలల్ల వాసన తగ్గుతది, అగరుబత్తులు వెలిగించుడుకంటే అది నయం. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతోటి పదిహేను నిమిషాలు వత్తి పట్టుకోవాలె, నిమిషానికోసారి తీసి చూడొద్దు, అయినా ఆగకపోతే హాస్పిటల్. నొప్పికి ఓర్చుకొమ్మని ఎవరన్న అంటే వినకు, నొప్పి తగ్గించే మందులు అన్ని మెట్లల్ల ఉన్నయి, అడగాలె. జిల్లా హాస్పిటళ్ళల్ల పాలియేటివ్ కేర్ వాళ్ళుంటరు, పుండు కట్లు కట్టుడు, నొప్పి చూసుకొనుడు వాళ్ళ పనే, చివరి దశ వాళ్ళకే అని అనుకోవద్దు.

ఎక్కడికి పోవాలెనంటే ముక్క నల్లగొండల్నే తీయించు, ఆ డాక్టరమ్మ చూసింది కాబట్టి ఆమె దగ్గర్నే తొందరగ అయితది. గవర్నమెంట్ మెడికల్ కాలేజీ హాస్పిటల్ల కూడ స్కిన్ ఓపీ ఉంది. మహబూబ్‌నగర్ దిక్కు వాళ్ళకు అక్కడి జనరల్ హాస్పిటల్. రిపోర్ట్ చేతికొచ్చినంక ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పో, ఆమె ఒంటి చరిత్ర వాళ్ళ దగ్గరుంది. అది కుదరకపోతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే గవర్నమెంట్ క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఎంజీబీఎస్‌ల దిగి మెట్రో ఎక్కితే లక్డీకాపూల్ కాడ దిగొచ్చు. పొద్దుగాల పోవాలె, రద్దీ ఎక్కువ, ఆ దినం పని కాకపోతే మర్నాడు కూడ ఉండేటట్టు మనసుల పెట్టుకొని పో. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ మందులు, కరెంటు, ఆపరేషన్ ఉన్నయి, 2023 డిసెంబర్‌ల దాని పరిమితి కుటుంబానికి 10 లక్షలు చేసిన్రు. రేషన్ కార్డు, ఆధార్ ఒరిజినల్సు పట్కపో. అమ్మకు బస్ టికెట్ ఎట్లాగూ లేదు, వదిన వస్తే ఆమెకూ లేదు, ఇద్దర్నీ తీస్కపో, డాక్టర్ అడిగే వాటికి ఆడమనిషి పక్కనుంటే అమ్మ నోరు విప్పుతది.

ఎంఎన్‌జేకు పోవాల్సొస్తే, పోయేముందు పాత హాస్పిటల్‌కు ఒకసారి పోయి ఆపరేషన్ నోటు, బయాప్సీ రిపోర్టు, కరెంటు ఎంత పెట్టిన్రో రాసిన కాగితం అడుగు, ఆ కాగితం లేకపోతే మళ్ళ కరెంటు పెట్టొచ్చా లేదా అని ఎవరూ చెప్పలేరు. దాంతోపాటు స్లైడ్లు, మైనం బ్లాకులు కూడ అడుగు, అప్పుడు తీసిన రొమ్ములోని ముక్కలు ఆ మైనంల ఉంటయి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడనీకి పాథాలజిస్టుకు అవే కావాలె. ఒక దరఖాస్తు రాస్తే సంతకం తీస్కోని ఇస్తరు. ఇచ్చినంక వాటిని బండి డిక్కీల పెట్టి ఎండల వదిలెయ్యకు, మైనం మెత్తబడ్తది, చేతిసంచిల పెట్టుకొని తీస్కరా.